బొట్టు పెట్టిన బ్రేకులు

మా బావ పోయాడు. మా అక్క భర్త. దుకాణంలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు, దవాఖానకు చేరేలోపే అయిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లలో సగంమంది నన్ను పక్కకు పిలిచి, "కారు యాక్సిడెంటా?" అని అడిగారు. స్పోర్ట్స్ కారు ఉన్న మనిషికి గుండెపోటు రాకూడదన్నట్టు. అడిగిన ప్రతివాడి మీదా నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనకు అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం, నాంపల్లిలో ఇల్లు. ఒకచోట నిలిచే మనిషి కాదు. చాయ్ కూడా అటూ ఇటూ తిరుగుతూనే తాగేవాడు. "కాలుగాలిన పిల్లి" అని అక్క విసుక్కునేది. అలాంటివాడు ఎవరో వాడుకుని అమ్మేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఏడాదిలో కొన్ని రోజులు మామూలు జనాన్ని కూడా తమ కార్లతో రేసు ట్రాక్ మీదికి వదులుతారు. వాటినే ట్రాక్ డేలంటారు. బావకు ఆ రోజులే పండగలు. పక్క సీట్లో నేను.

మొదటిసారే, కొన్ని చుట్లు తిరిగేసరికి బ్రేక్ ఆయిల్ మరిగిపోయి, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కారు పక్కనున్న ఇసుకలోకి దూసుకెళ్లి ఆగింది. బావ దిగి చక్రాల చుట్టూ తిరిగి చూసి, "ఉరుకుడు ఎవలకైనా వస్తది బామ్మర్ది. ఆగుడు నేర్వాలె" అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ బ్రేకుల పిచ్చి పట్టుకుంది.

నేను చక్రంతోపాటు తిరిగే డిస్కులు పెద్దవి, వాటిని బిగించి పట్టే ఎర్రరంగు కాలిపర్లు కావాలన్నాను. ఆయన మాత్రం అంత తొందరగా మరగని ఆయిలు, డిస్కును ఒత్తిపట్టే మంచి ప్యాడ్లు ఉంటే ప్రస్తుతానికి చాలన్నాడు. "టైర్లే అరిగిపోయినయ్. మింగ మెతుకు లేదుగని మీసాలకు సంపెంగ నూనె కావాల్నా నీకు?" అని ఎత్తిపొడిచాడు. నేను ఊరుకుంటానా. దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద నడుస్తూనే వాదించుకునేవాళ్లం. అద్దాల కోసం వచ్చినవాళ్లు లోపల కూర్చుని మా కోసం ఎదురుచూసేవారు.

ఒకసారి ఆయనే బోల్తా పడ్డాడు. నా మాట మీద గెలవాలని అసలు సిసలు రేసు ప్యాడ్లు వేయించాడు. అవి బాగా వేడెక్కితేగాని పట్టవు. అబిడ్స్ ట్రాఫిక్‌లో వేడెక్కేదెక్కడ? సిగ్నల్ దగ్గర కీచుమంటూ జారి, ఒక ఆటోకు తగిలీ తగలనట్టు ఆగాం. ఆటో ఆయన వెనక్కి తిరిగి తీరిగ్గా, "బండి మంచిగుంది సాబ్. బ్రేకులు ఇంట్ల మర్చిపోయి వచ్చిన్రా?" అన్నాడు. ఆ మాట బావ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని నవ్వాడు. ఆ తర్వాత రోడ్డుకూ ట్రాక్‌కూ పనికొచ్చే మధ్యరకం ప్యాడ్లు ఎంచుకోవడానికి నెలలు పట్టింది.

అవి సరిగ్గా దసరాకు వచ్చాయి. ఆయుధ పూజకు పెట్టకుండా ఉంటామా? దేవుడి ముందు పెట్టి బయటికి వెళ్లొచ్చాం. వచ్చేసరికి అక్క హనుమంతుడి గుడి సిందూరాన్ని నూనెలో కలిపి, ప్రతి ప్యాడ్‌కూ నిండుగా బొట్లు పెట్టింది. అదీ డిస్కును పట్టుకునే వైపే. నూనె పీల్చిన ప్యాడ్ ఇక పట్టదు, పక్కన పెట్టేయాల్సిందే. నేను నోరు తెరవబోతే బావ నా కాలు తొక్కాడు. "మంచిగ పెట్టినవ్" అన్నాడు అక్కతో. బయటికొచ్చాక, "గా ముఖం జూసినవా? ఎట్ల చెప్తం?" అని నామీదే కసురుకున్నాడు. అక్కకు తెలియకుండా ఇంకో సెట్ తెప్పించి దుకాణంలో దాచాడు. దాన్ని బిగించకముందే పోయాడు.

నెల మాసికం అయ్యాక అక్క నన్ను పిలిచింది. "తమ్మీ, ఆ కారు ఒక్కసారి ట్రాక్ మీదికి తీస్కపో. ఆయనకు మస్తు మనసుండె. నేను బొట్లు పెట్టినయ్యే బిగియ్యి."

"అవే ఎందుకక్కా?" అన్నాను.

"ముత్తైదుగ నేను పెట్టిన ఆఖరి దసరా బొట్లు గవే" అంది.

ఆ తర్వాత నేను ఒకచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఆఫీసులో లేచి తిరిగాను, ఇంట్లో లేచి తిరిగాను. అవే బిగిస్తే కారు ఆగదు. చాటుగా కొత్తవి బిగిస్తే అక్కను మోసం చేసినట్టు. చెబితే, ఆమె బొట్టే పాడు చేసిందని ఇప్పుడు, ఈ సమయంలో చెప్పినట్టు. బావ మీద కూడా కోపం వచ్చింది. కాలు తొక్కి తాను వెళ్లిపోయాడు, ఇరుక్కున్నది నేను. చివరికి బొట్ల ప్యాడ్లవీ, దుకాణంలో దాచినవీ రెండు డబ్బాలూ అక్క ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె బొట్లున్న ప్యాడ్లనే చూస్తూ, "ఆయనకు ఎర్కనా?" అంది.

"ఔ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీ ముఖం జూసి చెప్పలేకపోయిండు అక్కా."

అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమె బొట్ల డబ్బా తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి వచ్చింది. "కొత్తయి బిగిపియ్యి. ఆగుతదో లేదో నేనూ వచ్చి జూస్త" అంది. ఇన్నేళ్లలో ఆమె ఆ కారు ఎక్కింది లేదు.

మెకానిక్ బిగించి వెళ్లిన మర్నాడు, ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ట్రాక్ మీదికి వెళ్లేముందు కొత్త ప్యాడ్లు కుదురుకోవాలంటే కాస్త వేగం అందుకుని, గట్టిగా తొక్కి, పూర్తిగా ఆగకముందే వదిలేయాలి. అలా మళ్లీ మళ్లీ చేయాలి. లక్డీకాపూల్ వైపు రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కినప్పుడల్లా అక్క ముందుకు తూలుతోంది. బ్రేకులు బాగా వేడెక్కాక ఘాటైన కాలిన వాసన కారంతా నిండింది.

"అద్దం మొత్తం దించు అక్కా, వాసన పోతది" అన్నాను.

ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది. "ఇది ఆయన అంగీల వాసన గదరా. ట్రాక్ కాడికెళ్లి వచ్చినప్పుడల్లా గిదే వాసన. ఏం కాలవెట్టుకున్నడో అని తిట్టుకుంట ఉతుకుతుంటి."

సగం తెరిచి ఉన్న అద్దాన్ని అక్క పూర్తిగా పైకి ఎక్కించేసింది.

"ఇంకోసారి తొక్కు" అంది.