మార్తలు లేచి వచ్చిన ఆదివారం

చెన్నైకి వచ్చి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఏ హోటల్లోనూ నా ఇడ్లీ మీద సాంబారు పోయకుండా ఒక్కరూ వదల్లేదు. "సాంబారు విడిగా" అని తెలుగులో చెప్పాను, తమిళంలో చెప్పాను, చెయ్యి అడ్డం పెట్టి కూడా చెప్పాను. చెయ్యి కాలింది, ఇడ్లీ మునిగింది. చెప్పిన మాట మనుషులు వినరు. ఇది ఒళ్ళు మండే విషయమే గానీ, నాలాంటి ప్రసంగీకుల బతుకు నడిచేది కూడా దీని మీదే. శత్రువును ప్రేమించమంటాం. అందరూ ఆమేన్ అంటారు, బయటికెళ్ళి స్కూటరు అడ్డం పెట్టినవాడి కాలరు పట్టుకుంటారు. ఎవరికీ నష్టం లేదు. అలాంటిది, ఒకే ఒక్క ఆదివారం జనం నా ప్రసంగం విని, విన్నది విన్నట్టు పాటించారు. ఆ ఘోరం గురించే చెప్పబోతున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఒంగోలు నుంచి బైబిల్ కాలేజీ పట్టా పట్టుకొచ్చి, తొండియార్‌పేటలో ఒక తెలుగు సంఘంలో సహాయ పాస్టరుగా చేరాను. ఎప్పుడో హార్బరు పనికొచ్చి స్థిరపడ్డవాళ్ళ మనవలూ మునిమనవలూ కట్టుకున్న సంఘం అది. అక్కడ నేను చిన్నయ్యగారిని. డెబ్భై దాటిన అసలు పాస్టరు పెద్దయ్యగారు. నాకు ఆరు నెలల పరీక్షాకాలం. అది సరిగ్గా సంఘ వార్షికోత్సవం నాటికి పూర్తవుతుంది. ఆ రోజు నేను ప్రసంగించాలి, తర్వాత బిరియానీతో ప్రేమ విందు, విందయ్యాక కమిటీ కూర్చొని నన్ను ఖాయం చెయ్యాలో ఒంగోలు రైలెక్కించాలో తేలుస్తుంది.

కాబట్టి తయారీలో లోటు రానివ్వలేదు. చర్చి వెనక వంట చేసే రేకుల షెడ్డులో వారం ముందే స్పీకరు పెట్టె బిగించాను. పాపం, వండే ఆడవాళ్ళకు దేవుని వాక్యం అందడం లేదని నా బాధ. ఆ బాధ వాళ్ళకుందో లేదో అడగలేదు.

స్త్రీల సమాజానికీ బిరియానీకీ ఇరవై రెండేళ్ళుగా పెద్దదిక్కు కాంతమ్మ. ఆవిడ ఆ పెట్టెను కిందా మీదా చూసింది.

"చిన్నయ్యగారూ, దీన్ని ఆపే స్విచ్చి ఏడ ఉండాది?"

"ఆపడానికి లేదమ్మా."

"సరి సరి," అని ఉల్లిపాయల వైపు తిరిగింది.

నేను ఎంచుకున్నది మార్త, మరియల కథ. ప్రభువు ఇంటికొస్తే అక్క మార్త వంట హడావుడిలో పడి సణుక్కుంటుంది. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చొని వింటుంది. ఆయన చెల్లెల్నే మెచ్చుకుంటాడు. విందు రోజున సరిగ్గా ఈ కథే ఎందుకయ్యా అని మీరు అడగొచ్చు. కమిటీ కూడా అడిగింది.

అన్వయం, అంటే విన్నదాన్ని ఎవరు ఎలా పాటించాలో చెప్పే ముక్క, లేని ప్రసంగం అడ్రసు రాయని కవరని మా కాలేజీ మాస్టారు అనేవారు. ఆ రోజు నేను అడ్రసు రాశాను, పిన్‌కోడుతో సహా. "ఈ గోడ అవతల నా మాట వింటున్న మార్తలారా, ఎన్నాళ్ళీ పొయ్యి? గరిటె కింద పెట్టండి. లేచి రండి. మరియ ఎంచుకున్నదాన్ని మీ నుంచి ఎవరూ తీసెయ్యలేరు."

మనలో మాట, ఇది అలంకారం. ప్రసంగంలో 'లేచి రండి' అంటే ఎవరూ లేవకూడదన్నది లోకమెరిగిన మర్యాద.

పక్క తలుపు తెరుచుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఏడుగురు ఆడవాళ్ళు వరసగా వచ్చి ముందు చాపమీద కూర్చున్నారు. కాంతమ్మ మోకాళ్ళు పట్టుకొని మెల్లగా కూలబడి, ఇక కానివ్వమన్నట్టు నా వైపు చూసింది.

సంఘంలో ఉజ్జీవం వచ్చేసిందని, భక్తి పొంగి పొర్లుతోందని నాకనిపించింది. వాళ్ళ కోసం ప్రసంగాన్ని ఇంకో అరగంట పెంచాను.

వాసన మొదట కమ్మగానే వచ్చింది. తర్వాత టైరు కాలుతున్నట్టు వచ్చింది. కమిటీ సెక్రటరీ ప్రకాశంగారు చీటీ పంపారు: 'ముగించండి.' అసూయ అనుకున్నాను. రెండో చీటీలో 'అన్నం' అని ఒక్క ముక్కే ఉంది. చివరికి ఆయనే వేదికెక్కి నా చెవిలో గుసగుసలాడారు. అది మైకులో పడి షెడ్డుదాకా వినిపించింది. వినడానికి అక్కడెవరూ లేరు.

"బ్రదర్, వాళ్ళని పంపండి."

"ఎవర్ని?"

"వండేవాళ్ళని. ఇంకెవుర్ని?"

నేను గొంతు సవరించుకున్నాను. "అయితే ప్రియులారా, మూలభాషలో చూస్తే మార్తలోనూ కొన్ని సుగుణాలు..."

"చిన్నయ్యగారూ," అంది కాంతమ్మ చాపమీంచే. "మూలభాషలో చూసే చెప్పు. కూచోవాలా, పోవాలా?"

"అది పరిస్థితిని బట్టి అమ్మా..."

"ఎవురూ తీసెయ్యలేరని ఇప్పుడే గదా చెప్పినావు. అంతలోకే నువ్వే తీస్తా ఉండావే."

"కాంతమ్మా, మాటలు తర్వాత," అన్నారు ప్రకాశంగారు. "ఆడ అన్నం మాడతా ఉండాది."

"వాసన మీకూ వస్తా ఉండాది గదా. గరిటె ఆడనే పెట్టొచ్చినాం. పోయి కలపండి."

అవతలి బెంచీల్లో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారిగా బైబిళ్ళు తెరిచారు. అంత భక్తి ఆ సంఘంలో అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ప్రసంగం కాగితాల్లో తర్వాతి పేజీ వెతుక్కుంటున్నాను. ఆఖరికి పెద్దయ్యగారు తెల్ల అంగీ విప్పి కుర్చీ మీద వేసి షెడ్డులోకి నడిచారు. ఆయన మసితో తిరిగొచ్చేసరికి అండాలో పైనంతా గంజి, కిందంతా బొగ్గు. ప్రేమ విందు కింద ఆ రోజు సంఘం పంచుకున్నది వీధి చివరి మెస్సు నుంచి తెప్పించిన పెరుగన్నం, తలా ఒక అరటిపండు.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. కమిటీ గదిలో చెప్పినవాడే లోకువయ్యాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ సంఘంలో ఒక ప్రసంగాన్ని ఇంత అక్షరాలా పాటించిన రోజు ఇంకోటుంటే చూపించండి," అన్నాను. "దీనికి దండ వెయ్యాలి గానీ విచారణా?"

"పాటించేట్టు చెప్పమని మిమ్మల్ని ఎవురడిగినారు బ్రదర్?" అన్నారు ప్రకాశంగారు.

పరీక్షాకాలాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించారు. నేను లేచి, గుండె మీద చెయ్యేసుకొని ప్రమాణం చేశాను. పొయ్యి వెలిగిన రోజున మార్త ఊసెత్తను. విందు రోజున వంశావళులు మాత్రమే బోధిస్తాను, ఎవరు ఎవర్ని కన్నారన్నదాంట్లో ఎవరూ లేచి పాటించడానికేమీ ఉండదు గనక. ఇక అన్వయమంటారా, అది చేతులు కడుక్కున్నాకే. ప్రకాశంగారు ఆ ప్రమాణాన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కించారు.

పెద్దయ్యగారు గుమ్మం దగ్గర కూర్చున్న కాంతమ్మ వైపు తిరిగారు. "నువ్వేమన్నా చెప్పేదుందా కాంతమ్మా?"

"ఇరవై రెండేండ్లుగా ఈ పండగనాడు ఒక్క ప్రసంగమూ కూచోని వినింది లేదయ్యా. లోపల ఏందో పెద్దగా చెప్తా ఉంటారని అనుకుంటా ఉంటి. ఈరోజు కూచోని విన్నా. అన్నం మాడబెట్టుకునేంత ఏమీ లేదు."