కుండలో మలయా గింజలు

రబ్బరు మాటెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నా మొగుణ్ణి తీసుకుపోయింది ఆ చెట్టే. పెళ్ళయిన కొత్తలోనే మలయాలో ఒక రబ్బరు తోటలో గుమాస్తా పని దొరికిందని ఓడెక్కాడు. నేను నాంపల్లి స్టేషన్ వెనక ఒక అవ్వ ఇంట్లో గది కిరాయికి తీసుకుని, ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని.

ఆయన ఉత్తరాల్లో నా క్షేమం కంటే చెట్టు క్షేమమే ఎక్కువ. తెల్లవారుతూనే బెరడును ఏటవాలుగా గీస్తారట, ఎండెక్కితే పాలు ఆగిపోతాయట. ఒక్కో కాడకు మూడేసి ఆకులట. కాయ ఎండితే టప్పున పగిలి గింజల్ని దూరంగా విసిరేస్తుందట. దాని పుట్టిల్లు బ్రెజిల్ అడవులు. తెల్లదొరలు గింజల్ని లండన్ తీసుకుపోయి మొలిపించి, ఆ మొక్కల్ని సింహళానికీ మలయాకూ చేర్చారట. 'చెట్టుకున్న ఓడ యోగం పెళ్ళానికి లేదా?' అని రాశాను. వచ్చే ఏడు తీసుకుపోతానని జవాబొచ్చింది.

వచ్చే ఏడు యుద్ధం వచ్చింది. ఒకరోజు పిల్లలకు పెన్సిలు రాతలు చెరుపుకునే రబ్బర్లు కొందామని ఆబిడ్స్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను.

"రబ్బర్ ఏడిది టీచరమ్మా? మలయా మొత్తం జపానోళ్ళ చేతికి పాయె. ఇగ ఏడికెళ్ళి వస్తది?" అన్నాడు దుకాణదారు.

వట్టి చేతులతో బడికి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆయన అంతకుముందెప్పుడో పంపిన గుడ్డమూట ఒకటి ఎక్కడెక్కడ తిరిగిందో, వానాకాలంలో చేరింది. లోపల రబ్బరు గింజలు. ఆముదపు గింజల మీద ఉండేలాంటి మచ్చలే, కాకపోతే బాగా పెద్దవి.

మా పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు చల్లితే ఒత్తుగా మొలిచాయి. మొలక బాగుంటే కాపురం బాగుంటుందని పెద్దలు మురిసిపోయారు. ఆ మాటే పట్టుకుని మలయా గింజల్ని అవ్వ వాకిట్లో కుండలో నాటాను. ఇవి మొలిస్తే ఆయన బతికున్నట్టేనని అవ్వకు చెప్పాను. పొద్దున్నే నీళ్ళు, బడి నుంచి రాగానే నీళ్ళు. గదిలోకి పోతే ఒక్క కంచం, ఒక్క చెంబు. అందుకే చీకటి పడేదాకా కుండ దగ్గరే కూర్చునేదాన్ని.

మొలిచింది! వాడకట్టంతా వినేలా కేకపెట్టాను. సుల్తాన్ బజార్ వెళ్ళి మిఠాయి తెచ్చి పంచాను. కొన్నాళ్ళకు అసలు ఆకు విచ్చుకుంది. వేళ్ళు చాపిన అరచెయ్యిలా ఉంది, మూడాకుల జాడే లేదు. ఆముదం మొక్కను పోల్చుకోలేనంత పట్నం దాన్నేమీ కాను.

"ఇది నువ్వు పెట్టినవా అవ్వా?"

"ఔ బిడ్డా. ఒట్టి మన్నుకు నీళ్ళు పోసుకుంట కూసుంటివి. నాకు సూడబుద్ధి కాలే."

"చెట్టు లేని కాడ ఆముదం చెట్టే మహావృక్షమని సంబరపడాల్నా నేను? నా మొగని పానం నీకు ఆట లెక్క ఉన్నదా?" అని అరిచాను. అవ్వ తలవంచుకుని లోపలికి పోయింది. చాలారోజులు ఆమెతో మాట్లాడలేదు. మొక్కను పీకడానికి మాత్రం చెయ్యి రాలేదు.

బడిలో సైన్సు చెప్పే ఆవిడ నాకు విడమరిచి చెప్పింది. రబ్బరు గింజ కొద్ది వారాలే బతుకుతుందట. లండన్ చేరిన గింజల్లోనూ చాలామటుకు మొలవనే లేదట. అంటే నా గింజలు దారిలోనే చచ్చాయి. అవి మొలవనంత మాత్రాన ఆయనకేదో అయినట్టు కాదు! ఆ ఆశతోనే యుద్ధమంతా గడిపాను. దిక్కుమాలిన ఆశ, చావదు కదా.

యుద్ధం ముగిశాక, అదే తోటలో పనిచేసిన ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"అన్నను అడవిల రైలు పట్టాలెయ్యనీకి జపానోళ్ళు తోల్కపోయిన్రు అక్కా. జెరమొచ్చి గాడనే పోయిండు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు, నేను వినలేదు.

వచ్చినాయన వెళ్ళాక అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం. వాకిట్లో ఆముదం ఎప్పుడో ఎండిపోయింది, కుండలో మన్ను మాత్రం ఉంది.

"ఇంకొక్క గింజ పెట్టరాదు అవ్వా," అన్నాను. "ఈపాలి ఎవరు పెట్టిన్రని అడుగ."