నవ్వుతారని దాచుకున్న మాట

మాచర్ల దగ్గరి ఒక మెట్ట ఊళ్ళో కోటేశ్వరరావు మిరప రైతు. రెండువేల పన్నెండు డిసెంబరులో లోకం అంతమైపోతుందని టీవీలో పదేపదే చెబితే ఆయన నిజంగానే నమ్మాడు. ఎటూ పోయేదానికి నీళ్ళెందుకని కాయ మీదున్న తోటను ఎండగట్టాడు. గేదెల పలుపులు విప్పేశాడు. చుట్టాలను పిలిచి కోళ్ళు కోయించాడు. చెప్పిన రోజు వచ్చింది, పోయింది. తెల్లారి ఎప్పటిలాగే పొద్దు పొడిచేసరికి వాడిపోయిన తోటలో ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు. అప్పటినుంచి ఊరు ఆయన్ను ‘యుగాంతం’ అని పిలవసాగింది. మొదట్లో కోప్పడ్డాడు. తర్వాత నలుగురిలో నోరు విప్పడమే మానేశాడు.

ఏళ్ళు గడిచాయి. ప్రతి వేసవికీ బోరులో ఇంకో పైపు దించాల్సి వస్తోంది. వానలు బాగా పడిన ఏడు కూడా నీరు పైకి రాలేదు.

“మోటారు నీళ్ళకంటే గాలే ఎక్కువ కక్కతంది. నలుగురికీ చెప్పవేందయ్యా?” అంది భార్య నాగేంద్రమ్మ.

“నేను చెబితే నవ్వుతారే,” అన్నాడు.

నిరుడు శివరాత్రి వెళ్ళాక పక్క చేను బ్రహ్మయ్య బోరు ఎండిపోయింది. కొత్తది వేయించడానికి బోర్లు తవ్వే బండిని తెప్పించాడు. ఆ చప్పుడు వింటూ కోటేశ్వరరావు ఊరుకోలేకపోయాడు. గట్టు దాటి వెళ్ళాడు.

“బావా, ఆపు. కింద నీళ్ళు లేవు. అందరం కలిసి తోడేశాం.”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. “మళ్ళీ యుగాంతమా బావా?” అన్నాడు బ్రహ్మయ్య.

“అప్పుడు టీవీ చూసి నమ్మా. ఇప్పుడు నా బోరు చూసి చెబుతన్నా. ఇట్టాగే తోడితే రేపు తాగేదానికి కూడా ఉండవు.”

బండి ఆగలేదు. పొద్దు గూకేదాకా రాతిపొడి లేచి మిరప మొక్కల మీద, మనుషుల మీద పడింది. తడి మాత్రం తగల్లేదు. అందరూ వెళ్ళిపోయాక బ్రహ్మయ్య అక్కడే కూలబడ్డాడు. కోటేశ్వరరావు మాత్రం పోలేదు. పక్కనే కూర్చుని, “ఎప్పుడో చెప్పాల్సింది బావా. సిగ్గుపడ్డా,” అన్నాడు.

“చెప్పినా ఇనేవోళ్ళం కాదులే,” అన్నాడు బ్రహ్మయ్య.

ఆ వానాకాలం ఇద్దరూ మిరప మాని, వానతోనే పండే కంది, జొన్న చల్లారు. మిగతా ఊరంతా మిరపే వేసింది. మొన్నటి గ్రామసభలో కొత్త బోర్లు ఆపాలని, నీళ్ళు భూమిలోకి ఇంకేలా వాగుకు అడ్డంగా కట్ట వేయాలని కోటేశ్వరరావు లేచి చెప్పాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన తిరిగి చూడలేదు. చెప్పాల్సిందంతా చెప్పాకే కూర్చున్నాడు.