ఆట క్యాసెట్ మీద అమ్మమ్మ పాట

పెన్సిల్ పెట్టి క్యాసెట్ తిప్పిన మన బ్యాచ్ కోసమే ఇది.

ఇవాళ ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఇంగ్లండులో ఇద్దరు స్నేహితులు కంప్యూటర్ ఆటల్ని క్యాసెట్లలో నింపి, ఇంటి నుంచే పోస్టులో అమ్మిన కంపెనీ కథ. మధ్యలో ఆట కంప్యూటర్లోకి ఎక్కుతూ ఆ క్యాసెట్ కీచుమనేసరికి హుకుంపేటలో మా అరుగు మీదికి వెళ్ళిపోయాను.

నా చిన్నప్పుడు మా బడికి కంప్యూటరుతో పాటు ఆ కంపెనీ ఆట క్యాసెట్ ఒక్కటే వచ్చింది. సెలవుల్లో ఎలుకలు కొట్టేస్తాయని లెక్కల మాస్టారు దాన్ని నాకిచ్చి ఇంట్లో దాచమన్నారు. పాటలనుకుని అమ్మమ్మ టేప్ రికార్డర్లో పెట్టింది.

"ఏటే గుంటా, పాటల్లేవు, కీచురాళ్ళు అరుస్తన్నాయి. ఇది వట్టి కేసెట్టు."

రికార్డు కాకుండా క్యాసెట్ అంచున ఉండే కన్నాల్లో మావయ్య కాగితం కూరి రికార్డు నొక్కాడు. అమ్మమ్మ తిరగల్లో చోళ్ళు విసురుతూ పాడింది.

బడి తెరిచాక కంప్యూటర్లో ఆట రాలేదు. మాస్టారు క్యాసెట్‌ను టేప్ రికార్డర్లో పెట్టి, తిరగలి చప్పుడుతో సహా పాటంతా విన్నారు.

"ఆట ఇంకోటి తెప్పిద్దుం. ఈ గొంతు మళ్ళీ ఎక్కడ దొరుకుద్ది? నీకాడే ఉంచమ్మా," అన్నారు.

ఇంకో ఆట రానేలేదు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడిందట. అమ్మమ్మా లేదు. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. మాస్టారికీ, ఇవాళ్టిదాకా ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరు స్నేహితులకీ దణ్ణం.

పాట అయిపోయాక, చెరగకుండా మిగిలిన ఆట కాసేపు అరుస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఆపరు. అవి అమ్మమ్మ కీచురాళ్ళు.