తెరిచిన తలుపు తట్టే పెదనాన్న

పెదనాన్న తట్టకుండా దేన్నీ తెరవడు. మూసిన తలుపంటే సరే, అందరూ తడతారు. ఈయన బార్లా తెరిచి ఉన్న తలుపును కూడా తట్టి, గొంతు సవరించుకుని, "రావచ్చా?" అని అడిగి, లోపల ఎవరూ లేకపోయినా కాసేపు ఆగి మరీ అడుగుపెడతాడు. ఫ్రిజ్ తడతాడు, బీరువా తడతాడు. ఒకసారి తన కళ్లజోడు డబ్బాను తట్టడం నర్సు కళ్లారా చూసింది.

నర్సు ఆయన తమ్ముడి కూతురు. ఆస్పత్రికి దగ్గరని ఆ ఇంట్లోనే ఉంటోంది.

"ఫ్రిజ్‌లో ఎవరున్నారు పెదనాన్నా?"

"ఎవరూ లేరు తల్లీ. పాలగిన్నె ఉంది."

"ఏమంటోంది?"

"మూత పెట్టుకునే ఉంది. పర్వాలేదు."

పెద్దమ్మ చెప్పే కథ వేరు. "నన్ను చూడటానికి వచ్చినరోజు వీధి తలుపు ఎంతసేపు తట్టారనుకున్నావు! ఎవరో తగువుకొచ్చారని మా నాన్న పెరటి గోడ దూకేశాడు."

డ్రిల్లు మాస్టారుగా రిటైరైన ఈ మనిషి ఇంటిమీద ఒకనాడు ప్రభుత్వ ఉత్తర్వు పడింది. మూడో కంటికి కనబడకుండా తాళం పడే సందేశాలున్న ఫోన్లను ఆఫీసుకు తెచ్చి, అధికారి ఎదుట తెరిచి చూపాలట. చూపకపోతే ఫోన్ జప్తు. చెరిపేస్తే అదో నేరం.

ఆ ఇంట్లో అలాంటి ఫోన్ నర్సుదే. వార్డులో ఆడవాళ్లు ఇంట్లో చెప్పుకోలేని జబ్బులూ భయాలూ ఆ ఫోన్లోకే రాస్తారు. అవన్నీ ఎవడో పరాయివాడు చదవడమా?

"నేనూ వస్తా, పద," అన్నాడు పెదనాన్న. ఆయనొస్తే పని తెమలదని తెలిసీ కాదనలేకపోయింది.

ఆఫీసుది దగ్గరకెళ్తే దానంతటదే జరిగే అద్దం తలుపు. పెదనాన్న తట్టబోయాడు, జరిగిపోయింది. వెనక్కి తగ్గాడు, మూసుకుంది. మళ్లీ చెయ్యెత్తాడు, మళ్లీ జరిగింది.

"ఇదేం తలుపమ్మా, అడక్కుండానే తెరిచేస్తోంది!"

"లోపలికెళ్లండి పెద్దాయనా, మేమిక్కడ ఎండిపోతున్నాం!" వెనకనుంచి ఎవరో అరిచారు. చివరికి పక్కనున్న గోడను తట్టి తృప్తిపడి లోపలికి నడిచాడు.

లోపల గోడకు పెద్ద తెర. ఫోన్‌కు తీగ తగిలిస్తే సందేశాలన్నీ దానిమీద పరుచుకుంటాయి. నర్సు వంతు వచ్చింది. ఫోన్ బల్లమీద పెట్టింది. పక్కనే అచ్చం అలాంటి నల్ల ఫోనే ఇంకొకటుంది, అధికారిది. ఉదయం నుంచీ తలెత్తని ఆ కుర్ర అధికారి హడావిడిగా తన ఫోన్‌కే తీగ తగిలించాడు. తగిలింది తన వేలే కాబట్టి ఫోన్ తాళం ఊడింది.

'అమ్మా, ఈ ఉద్యోగం నావల్ల కావట్లేదు. ఇవాళ కూడా పై ఆఫీసరు తిట్టాడు. బాత్రూంలో ఏడ్చి వచ్చి కూర్చున్నా...' తెరమీద అక్షరాలు అరచేతులంత ఉన్నాయి. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

పెదనాన్న బల్లమీద దబదబా బాదాడు.

"అందరూ! వెనక్కి... తిరుగు!"

పాత డ్రిల్లు గొంతు. వరస మొత్తం తిరిగిపోయింది. గుమ్మం దగ్గర జవాను కూడా తిరిగాడు. అందరికంటే ముందు తిరిగింది పెదనాన్నే.

అధికారి ఎంత లాగినా తీగ ఊడిరావడం లేదు.

"తొందరేం లేదు బాబూ, నిదానంగా తియ్యి. ఎవరూ చూడట్లేదు." కాసేపాగి, "ఇటు తిరగొచ్చా?" అన్నాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ... మొహం కడుక్కొస్తా."

వచ్చాక ఆ అబ్బాయి నర్సు ఫోన్ తెరవకుండానే ఆమె చేతికిచ్చాడు. ఒక కాగితం మీద 'తెర చెడిపోయింది. బాగయ్యాక కబురు చేస్తాం' అని రాసి తెరకు అతికించాడు. కాగితం వెనక తెర నిక్షేపంలా వెలుగుతూనే ఉంది.

"ఎప్పుడు బాగవుతుందండీ?" అంది నర్సు.

"నేను పైకి రాయాలి కదండీ. రాయాలంటే గుర్తుండాలి."

దారిలో నర్సుకు పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. వార్డులో ఓ పసిబిడ్డ దక్కలేదు. ఆమె వంటింట్లో కూలబడి ఏడుస్తుంటే, తెరిచి ఉన్న తలుపును ఈయన తట్టాడు, తట్టాడు, తడుతూనే ఉన్నాడు. ఆమె విసుక్కుంటూ లేచి, కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కుని "రా" అన్నాకే వచ్చాడు. గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

"పెదనాన్నా, ఆరోజు నీకు నిజంగా దాహమేసిందా?"

"ఏరోజు?" అన్నాడాయన, ఎదురుగా వస్తున్న బస్సును శ్రద్ధగా చూస్తూ.

ఇల్లు చేరారు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పెదనాన్న చెయ్యి ఎత్తేలోపే నర్సు తట్టింది.

"రావచ్చా పెద్దమ్మా?"

"అయ్యో నా ఖర్మ!" లోపలనుంచి వినబడింది. "ఇప్పుడు ఇంట్లో ఇద్దరా!"