నేను తొక్కిన బిళ్ళ

ఎనభై ఏళ్ల నుంచి నా కాలి కింద ఒక మనిషి పేరు ఉంది. మీ తాతకూ చెప్పలేదు, మీ అమ్మకూ చెప్పలేదు. ఆ ఫ్యాను తగ్గించు, కాగితం ఎగురుతోంది. రాయి బిడ్డా. నా మాటను నీ కాలేజీ తెలుగులోకి మార్చి రాస్తానన్నావు, మార్చుకో. ఇందులో ఒక తల్లి వస్తుంది. ఆమె అన్న మాట, ఆమెతో నేనన్న మాట మాత్రం మార్చకు.

నిన్న ఫోను పట్టుకుని వచ్చి ఎంత సంబరపడ్డావో. తెల్లదొరల కాలంలో విమానాల దళంలో చేరి యుద్ధానికి పోయినవాళ్ల పేర్లు ఎవరో రాసుకుంటున్నారట, మన భూపాలపల్లి నుంచి కూడా పంపొచ్చట, ముత్తాత పేరు పంపుదాం అమ్మమ్మా అన్నావు. ముత్తాత అంటే మా బాపు. నేను టీ తాగుతూ ఊ అన్నాను. బాపు పేరు పక్కన ఇంకొక పేరు ఉండాలి. అది ఎక్కడా లేకుండా పోవడానికి కారణం నేను.

మాది నెల్లికుదురు. బాపు విమానం నడపలేదు, ఇంజను బాగుచేసే మిస్త్రీ. మమ్మల్ని ఏలేది నిజాము, బాపు కొలువు చేసింది లండన్ రాజుకు, పోయింది బర్మాకు. అది ఎవరి యుద్ధమో ఆయనకే తెలియదు. మా ఊళ్లో విమానాన్ని గాలిమోటరు అనేవాళ్లు, అందుకని బాపు గాలిమోటరోడు అయ్యాడు. అక్కడ ఆయనకు జనగామ అబ్బాయి ఒకడు జత. గాజులమ్మే సాయిబుల పిల్లాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారట. విమానాలు దిగే మైదానం మీద బాంబులు పడ్డ రోజు ఆ అబ్బాయి పోయాడు. బాపే గుంత తీసి పూడ్చాడు. వెనక్కి పరుగులు తీసే గొడవలో దఫ్తరు కాగితాలన్నీ కాలిపోయాయి. జనగామలో ఉన్న తల్లికి మాత్రం కొడుకు జాడ తెలియడం లేదని ఒక ఉత్తరం వచ్చింది. అంతే.

దళంలో అందరి మెడలో పేరు, నంబరు గుద్దిన బిళ్ళలు రెండు ఉండేవట. మనిషి చనిపోతే ఒకటి మట్టిలోకి పోతుంది, ఒకటి తీసి అధికారులకివ్వాలి. బాపు ఇవ్వలేదు. దొరల చేతికిస్తే ఏ బీరువాలోనో పడుంటుంది, తల్లికి చేరదు అనుకున్నాడు. యుద్ధం అయ్యేదాకా దాచి, ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇదంతా నాకు తెలియదు. పెట్టె తెరిచి చూస్తే ఎర్రగా, గుండ్రంగా, తోలులాగా గట్టిగా ఒక బిళ్ళ. తొక్కుడుబిళ్ళ ఆటకు అంత మంచిది ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. పెంకు ముక్కయితే ఎగిరి పక్కకు పడుతుంది, ఇది విసిరిన గడిలోనే కూర్చుంటుంది. ఒంటికాలి మీద కుంటుతూ దాన్ని తొక్కాను. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేదాన్ని, మనిషి పేరును తొక్కాను. అవి అక్షరాలని తెలియదా నాకు? తెలుసు. ఇంగ్లీషువి కదా, మనవి కావు కదా అనుకున్నాను.

నాలుగో గడికి విసిరితే గీత దాటిపోయింది. పక్కింటివాళ్లు గోడ పెట్టడానికి మట్టి తొక్కుతున్నారు, అందులో పడింది. చేయి పెట్టి దేవులాడాను, దొరకలేదు. సాయంత్రానికి ఆ మట్టి గోడ మీద ఒక వరసై కూర్చుంది.

మర్నాడే ఆ తల్లి వచ్చింది. బాపు కార్డు రాయించి పిలిపించాడు. జనగామ నుంచి మానుకోట దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండిలో వచ్చింది. బాపు బర్మా సంగతంతా ఆమెకు చెప్పాడు, నేను విన్నది అప్పుడే. తర్వాత పెట్టె తెరిచాడు. బట్టలు తీశాడు, చాకు తీశాడు, సబ్బుపెట్టె తీశాడు, చివరికి పెట్టెను బోర్లించి దులిపాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. గోడ ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క వరస కూలిస్తే దొరికేది. నేను నోరు తెరిస్తే చాలు. దెబ్బలకే భయపడ్డానా? ఆమె ముఖం చూసి కూడా భయపడ్డాను. ఆ ముఖంలో ఏడుపు లేదు. బాపు చేతులు ఖాళీగా కనబడుతున్న కొద్దీ అందులో వెలుగు వస్తోంది. నిషానీ, ఆనవాలు లేదంటే నా కొడుకు బతికే ఉన్నాడని చెప్పి, లేచి వెళ్లిపోయింది.

గాలిమోటరోడివన్నీ గాలిమాటలే అని ఊరు నవ్వింది. బాపు మళ్లీ బర్మా మాట ఎత్తలేదు. బిళ్ళను రైల్లో ఎక్కడో తనే పారేసుకున్నానని చివరిదాకా నమ్మి, తనను తానే తిట్టుకునేవాడు. నేను పక్కన కూర్చుని విస్తరాకులు కుట్టేదాన్ని.

చిన్నపిల్లవు కదా అంటావు. తల ఊపకు, రాయి. అసలు తప్పు ఇంకా చెప్పలేదు.

దేవరుప్పులకు కోడలిగా పోయాను. మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు గాజులు వేయించుకోవడానికి జనగామ పోతే, స్టేషన్ ముందర గాజుల బుట్ట పెట్టుకుని ఆ తల్లి కూర్చుని ఉంది. ప్రతి రైలుకూ లేచి, దిగినవాళ్లందరినీ చూసి మళ్లీ కూర్చుంటుందని పక్కన పూలమ్మే ఆవిడ చెప్పింది. నాకప్పుడు ముప్పై దాటాయి. ఇంకో చోటికి పోవచ్చు, పోలేదు. చేయి చాపాను. ఆమె నా పిడికిలి మెల్లగా నొక్కుతూ ఏ ఊరని అడిగింది. పుట్టిన ఊరి పేరు చెప్పాను. నొక్కుతున్న చేయి ఆగింది.

"గాలిమోటరాయన బిడ్డవా?"

"ఔనమ్మా."

"గప్పుడు నువ్వు గింతంత ఉంటివి. నిజం చెప్పు బేటా. మీ బాపు తాన గా బిళ్ళ ఉండెనా? నువ్వు కండ్లార సూసినవా?"

"లేదమ్మా. నేనైతే సూడలే."

"నాకెర్కనే. నా కొడుకు వస్తడు. నీ కడుపు సల్లగుండ."

ఇంకో రెండు గాజులు ఊరికే వేసింది. ఆ దీవెనతో పుట్టింది మీ అమ్మ.

ఎందుకన్నాను ఆ మాట? జాలితో అన్నానని ఎన్నేళ్లో నాకు నేనే చెప్పుకున్నాను, ముసలి ప్రాణానికి ఒక ఆశ ఉంటే ఏం పోయిందని. జాలి కాదు బిడ్డా. అప్పటికి బాపు ఉన్నాడు. చూశానంటే, మరి ఏమైందని అడుగుతుంది, అది తిరిగి తిరిగి బాపు చెవిన పడుతుంది. ఆయన కళ్లకు మంచి బిడ్డగా కనబడడానికి ఆ తల్లిని రైళ్ల ముందు నిలబెట్టాను. పైగా బాపు అబద్ధాలకోరని ఆయన కన్న బిడ్డే సాక్ష్యం చెప్పినట్టయింది.

రెండేళ్ల తర్వాత పోతే ఆ బుట్ట లేదు. ఆమె చనిపోయే రోజు కూడా తలుపు గడియ పెట్టనివ్వలేదట.

నువ్వు ఆ ఫారం నింపు. ముందు ఆ అబ్బాయి పేరు, బాపు నోట విన్నది, నేను చెబుతాను, తర్వాతే బాపుది. ఎట్లా తెలుసని అడిగితే ఈ కాగితం జతచెయ్యి. నమ్ముతారో లేదో, వాళ్లిష్టం. నన్ను క్షమించమని మాత్రం రాయకు, అడగాల్సినవాళ్లు ఎవరూ లేరు. చెప్పాను, అంతవరకే. ఆమె అడిగినదానికి జవాబు ఒక్కటి మిగిలింది. నా నోట వచ్చినట్టే రాయి.

"ఉండె అమ్మా. నేను సూసిన."