పొద్దు వాలేదాకా ఆగిన సువార్తమ్మ గారు

కెమెరాకి కొత్త లెన్స్ తగిలించుకుని ఈ రోజు దర్శి దగ్గర ఒక మిరప కల్లానికి వెళ్లాను. ఆరబోసిన కాయల మధ్య గంటసేపు తిరిగి తీసినా ఒక్క ఫోటో కూడా నచ్చలేదు.

అక్కడ రంగు పోయిన తాలు కాయలు ఏరే కూలీల్లో సువార్తమ్మ గారని ఒకావిడ ఉన్నారు. సాయంత్రం పని ఆపగానే అద్దం పగిలిన ఫోన్ తీసి, తలగుడ్డ దులుపుకుంటున్న తోటి కూలీని ఒకే ఒక్క ఫోటో తీశారు. చూపించమని అడిగాను. వాలుపొద్దులో లేచిన దుమ్ము, దాని వెనక ఆ తోటి కూలీ నవ్వు. పెద్దది చేసి ఇంకోసారి చూశాను.

"ఇలాంటి ఫోటోలు నెట్లో ఎక్కడ పెడతారండీ?" అన్నాను.

"ఎక్కడా పెట్టనండి. నిన్న మిట్టమధ్యాహ్నం తీస్తే మొహం నల్లగా వచ్చింది. అందుకే ఇవాళ పొద్దు వాలేదాకా ఆగా."

"కొత్త ఫోన్ అయితే ఇంకా బాగా వస్తాయేమో?"

"ఫోన్ మారిస్తే పొద్దు మారుద్దా సార్?" అని నవ్వేశారు.

మొదట్లో తీసినవీ చూపించారు. తలలు తెగినవి, వంకరగా వచ్చినవి, ఒక్కటీ చెరపలేదు. తప్పెక్కడో తెలియాలి కదా అన్నారు.

ఇన్నేళ్లూ నేను లైకులు లెక్కపెట్టుకున్నాను గానీ, నిన్నటి ఫోటోలో తప్పు వెతుక్కున్నది లేదు. మీరు తీసినవాటిలో బాగా చెడిపోయిన ఫోటో ఒకటి కామెంట్లో పెట్టండి. ముందు నాది పెడుతున్నా, ఇవాళ్టిదే.